నంబరు లేని మాట

స్టేషన్ మాస్టరుగా ముప్పై ఆరేళ్లు చేసినవాడు ఎవరి మాటా ఊరికే నమ్మడు. అది ఉమామహేశ్వర్ పుట్టుబుద్ధి కాదు, ఉద్యోగం పెట్టిన బుద్ధి. బండి వచ్చే ముందు గేట్‌మన్‌కు ఫోన్ చేసి, గేటు వేశావా అని అడగాలి. వేశానంటాడు వాడు. ఆ మాట చాలదు. తన దగ్గరున్న కాగితంలోంచి ఒక రెండంకెల నంబరు చదివి చెప్పాలి. దాన్ని ప్రైవేట్ నంబర్ అంటారు. ఈయన దాన్ని రిజిస్టర్‌లో రాసుకున్నాకే సిగ్నల్ ఇవ్వాలి. నంబరు వచ్చిందంటే అవతలివాడు విన్నాడు, చేశాడు, ఒప్పుకున్నాడు అని అర్థం. రాలేదంటే వాడు గొంతు చించుకుని అరిచినా ఏమీ చెప్పనట్టే లెక్క.

మొత్తం సర్వీసులో ఒక్కసారి ఆయన నంబరు లేకుండా నమ్మాడు. కొత్తగా చేరిన రోజులు. ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. "వేసిన సార్, పంపున్రి" అన్నాడు గేట్‌మన్, పాపం వేసే ఉద్దేశంతోనే. ఈయన పంపించాడు. మనుషులెవరికీ ఏమీ కాలేదు గానీ బండి కింద పడి పద్నాలుగు మేకలు పోయాయి. మేకలు కాసే ముసలాయన పట్టాల పక్కన కూలబడి, ఒక్కొక్క మేకనూ పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చాడు. ఆ పేర్లు ఉమామహేశ్వర్‌కు ఇప్పటికీ నోటికొచ్చు. అప్పటి నుంచి పాలవాడు రేపు రానని చెప్పినా సరే, రెండుసార్లు చెప్పించుకుని గానీ వదిలేవాడు కాదు.

ఆయన భార్య శారద నాచారంలో ఒక సర్కారు బడిలో తెలుగు టీచరు. చుట్టూ ఫ్యాక్టరీలు కాబట్టి ఏటా జూన్‌లో ఆవిడ క్లాసుకు ఒడిశా నుంచో బిహార్ నుంచో వచ్చిన కూలీల పిల్లలు నలుగురైదుగురు వచ్చి చేరేవారు. ఒక్కరికీ తెలుగు ముక్క రాదు. సాయంత్రం టీ తాగుతూ ఆవిడ వాళ్ల సంగతులు చెప్పేది. ఈయన రైల్వే సలహాలు ఇచ్చేవాడు.

"ప్రతి మాటకీ ఒక నంబరు పెట్టు శారదా. నువ్వు మాట చెప్పు. పిల్లాడు ఆ మాట తిరిగి చెప్పి, దాని నంబరు కూడా చెప్పాలి. చెబితేనే రెండో మాట. లేకపోతే బండి కదలకూడదంతే. ఏడాదిలో నీ క్లాసంతా గలగలా మాట్లాడకపోతే నన్నడుగు."

"మీ స్టేషన్‌లో బండి ఆగిపోతే తప్పు జరిగినట్టు. నా క్లాసులో పిల్ల ఆగిపోతే లోపల ఏదో జరుగుతున్నట్టు. పిల్లలు గూడ్సుబళ్లు కాదండీ" అనేది ఆవిడ నవ్వుతూ.

"అడగందే అమ్మైనా పెట్టదు" అనేవాడు ఆయన, అదేదో రూల్ పుస్తకంలో రాసిపెట్టిన వాక్యమైనట్టు.

వాళ్లకు పిల్లలు లేరు. అందుచేత ఆయన సిద్ధాంతం ఎవరి మీదా ప్రయోగించే వీలు లేక, ఇద్దరూ రిటైరయ్యే దాకా అలాగే ఉండిపోయింది.

ఈ ఏడు జనవరి చివర్లో, ఒక సోమవారం ఉదయం, పప్పుకు పోపు పెడుతూ శారద గరిటె వదిలేసింది. గరిటె పడిన చప్పుడుకు ఆయన వెళ్లేసరికి ఆవిడ గట్టు పట్టుకుని నిలబడి ఉంది, నోరు ఒక పక్కకు పోయి ఉంది. పక్షవాతం. పదమూడు రోజులు ఆసుపత్రి. కుడికాలు నెమ్మదిగా తిరిగి వచ్చింది, పట్టుకుంటే నాలుగడుగులు వేస్తుంది. కుడిచెయ్యి సగం వచ్చింది. మాట రాలేదు. ముప్పై ఏళ్లు వేలమంది పిల్లల చేత మాట్లాడించిన మనిషికి మిగిలింది ఒకే ఒక్క మాట.

"కూర్చో."

పాలు కావాలన్నా కూర్చో. ఫ్యాన్ జోరు ఎక్కువైనా కూర్చో. పక్కింటి ఉమారాణి చూడ్డానికొచ్చి కళ్లు తుడుచుకుంటే, ఆవిణ్ణి ఓదార్చడానికీ కూర్చో, కూర్చో. ఉమారాణి నిజానికి కూర్చునే ఉంది. క్లాసులో రోజుకు వందసార్లు అన్న మాట కాబట్టి అది నాలుకకు అంటుకుపోయి మిగిలిందని, అందులో పెద్ద అర్థమేమీ వెతకనక్కర్లేదని ఆసుపత్రిలో డాక్టర్లు చెప్పారు. ఉమామహేశ్వర్ అదే మాట పట్టుకున్నాడు.

హబ్సిగూడలో ఒక క్లినిక్‌లో కామాక్షి అనే అమ్మాయి మాట నేర్పిస్తుందంటే తీసుకెళ్లాడు. మొదటి రోజు ఆ అమ్మాయి బొమ్మలు చూపించి పేర్లు అడిగింది. అన్నిటికీ కూర్చోనే. చివర్లో ఉమామహేశ్వర్‌ను చూపించి, "అమ్మా, ఈయన పేరేంటి?" అంది. శారద తల దించుకుని నేలకేసి చూసింది. కామాక్షి కాగితంలో సున్నా వేసింది. ఆ ప్రశ్నకు ఆవిడ ఒంట్లో బాగున్న రోజుల్లో అయినా సున్నాయే వచ్చేదని ఆయన చెప్పబోయి, సిగ్గేసి ఊరుకున్నాడు.

నలభై ఒక్క ఏళ్లలో ఆవిడ ఆయన్ని పేరు పెట్టి పిలిచింది లేదు. "ఏమండీ" అనేది. కాఫీ ఇచ్చేటప్పుడు ఒక రకంగా, కోపం వచ్చినప్పుడు ఒక రకంగా, బడిలో జరిగింది చెప్పాలని ఆత్రంగా చెప్పులు విప్పుతున్నప్పుడు మరో రకంగా. ఆ పిలుపుకు ఆయన పలికిన రోజులకంటే పేపర్ చదువుతూ పలకని రోజులే ఎక్కువ. ఇప్పుడు ఆయనకు ప్రపంచంలో కావలసింది ఆ ఒక్క పిలుపే. మిగతా తెలుగంతా రాకపోయినా పర్లేదు.

"మొదటి ఆరు నెలలు ముఖ్యం సార్" అంది కామాక్షి. "వచ్చేవి ఎక్కువగా అప్పుడే వస్తాయి. ఆ తరవాత కూడా వస్తాయి కానీ బాగా నెమ్మదిగా. ఇంట్లో ఏదైనా ఇచ్చే ముందు ఒకసారి అడిగి చూడండి. ఏం కావాలమ్మా అని. కాసేపు ఆగండి. రాకపోతే మాట మీరే చెప్పేసి ఇచ్చేయండి."

ఉమామహేశ్వర్ ఇంటికొచ్చి ఆ సూచనలు తెల్లకాగితం మీద రాసుకున్నాడు. ఇచ్చే ముందు అడగాలి, ఆగాలి అని రాశాడు. "రాకపోతే" అన్న చోట కలం ఆగింది. ఆయన ముప్పై ఆరేళ్లు బతికిన రూల్ పుస్తకంలో, నంబరు రాకపోతే ఏం చేయాలో ఒకటే ఉంటుంది, బండిని ఆపాలని. అందుకే ఆ చివరి ముక్క రాయకుండా వదిలేశాడు.

మరుసటి రోజు నుంచి బడి మొదలైంది. ముప్పై అట్టముక్కలు. ఒక్కోదాని మీద ఒక మాట, మూలన ఎర్ర సిరాతో రెండంకెల నంబరు. నీళ్లు, అన్నం, మందు, దుప్పటి, ఫ్యాన్, బాత్రూం. ముప్పయ్యోది "ఏమండీ." దానికి ఆయన తమ పెళ్లయిన సంవత్సరం చివరి రెండంకెలు వేసుకున్నాడు. మాట వస్తే నంబరు కొట్టేయాలి. అన్నీ కొట్టేస్తే ఆరు నెలల్లో పని అయిపోతుంది. ఉదయం తొమ్మిదికి ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆవిడ కుర్చీ ఎదురుగా నిటారుగా నిలబడి మొదలుపెట్టేవాడు. కూర్చుని డ్యూటీ చేయడం ఆయనకు రాదు.

పగటిపూట శారదను కనిపెట్టుకుని ఉండడానికి చిల్కానగర్ నుంచి త్రివేణి వచ్చేది. ముప్పై ఐదేళ్ల మనిషి. వాళ్ల మామ బిక్షపతికి ఒకప్పుడు అక్కడే జొన్నచేను ఉండేది, ఇప్పుడు అపార్ట్‌మెంట్లకు వాచ్‌మన్. త్రివేణి ఏడో తరగతిలో శారద దగ్గర చదువుకుంది. వేరే చోట ఎక్కువ జీతం ఇస్తామన్నా, మా టీచర్ అని వచ్చి చేరింది.

రెండు రోజులు ఈ బడి చూసి మూడో రోజు ఉండబట్టలేక అడిగింది. "సార్, గా నంబర్లు ఎందుకు? టీచర్‌కు మాటే వస్తలేదు, మీద నంబర్ గూడ సదవాల్నా?"

"చదవక్కర్లేదమ్మా, వేలు పెట్టి చూపిస్తే చాలు. అప్పుడు అర్థమయ్యే ఆ మాట అందని నాకు రుజువు. అడగందే అమ్మైనా పెట్టదు, తెలుసు కదా?"

"గా సామెత జెప్పినోళ్లకు అమ్మ లేనట్టుంది సార్" అని త్రివేణి బట్టలు ఆరేయడానికి పోయింది. ఆయన ఆ మాట చెవిన వేసుకోలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని నమ్మే ఇళ్లలో నాలుగో కాలు చూపించేవాళ్ల మాట ఎవరికి కావాలి?

ఏప్రిల్ నెలలో ఒక మధ్యాహ్నం శారదకు దాహం వేసింది. గ్లాసు చూపించి కూర్చో అంది. ఆయన గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. "నీళ్లు. చెప్పు. నీ... నీ..." అయిదు నిమిషాలు, పది నిమిషాలు. అరగంటకు ఆవిడ మెడ నరాలు బిగిసి, కళ్లల్లో నీళ్లు తిరిగి, పెదవులు వంకర తిరిగి, "నీ...ల్లు" అంది.

 ఉమామహేశ్వర్ గ్లాసు ఇచ్చి, నంబరు కొట్టేసి, చొక్కా గుండీలు పెట్టుకోవడం మరచిపోయి రోడ్డెక్కాడు. ఉప్పల్ దాకా ఆటోలో పోయి కిలో మైసూర్‌పాక్ కొన్నాడు. త్రివేణికి, ఉమారాణి ఇంటికి, వీధి చివర ఇస్త్రీ చేసే దుర్గేష్‌కు అడక్కుండానే పంచాడు. "మాట వచ్చిందయ్యా!" అని అందరికీ చెప్పాడు.

మర్నాడు నీళ్లకు కూర్చో అంది. ఆ మర్నాడూ అంతే. ఇక్కడే ఆయన బుద్ధి దారి తప్పింది. ఆ రోజు మాట ఎందుకొచ్చింది? అరగంట ఆపడం వల్ల. ఇవాళ ఎందుకు రాలేదు? త్రివేణి రెండు నిమిషాలకే జాలిపడి ఇచ్చేయడం వల్ల. కాబట్టి ఆపాలి. ఆవిడ మొహంకేసి చూడకుండా ఆపాడు. ప్రేమ లేక కాదు, ఆర్నెల్లు అయిపోతున్నాయన్న భయం. క్యాలెండర్‌లో జూలై ఆఖరు తేదీ చుట్టూ గీసిన గీత ఆయనకు నిద్రలో కూడా కనిపించేది.

మే నెలలో ఒక ఆదివారం. ఉప్పల్ స్టేడియంలో క్రికెట్ మ్యాచ్, మధ్యాహ్నం నుంచే రోడ్లన్నీ కిటకిట. త్రివేణి ఇంటికి వెళ్లి పిల్లలకు అన్నం పెట్టి వస్తానని పన్నెండున్నరకు వెళ్లింది. రెండింటికి ఫోన్ చేసింది. "సార్, మస్తు ట్రాఫిక్ ఉన్నది, పోలీసోళ్లు అటు దిక్కు పోనిస్తలేరు, జర టైం పడ్తది."

ఆయన ఫోన్ పెట్టేసి వచ్చేసరికి శారద కుర్చీలో ముందుకు వంగి బాత్రూం వైపు ఎడంచెయ్యి చాపుతోంది.

"కూర్చో" అంది.

ఆయనకు అర్థం కాకపోవడమేమీ లేదు. నాలుగు నెలలుగా చూస్తున్నాడు. ఆవిడ చెయ్యి ఎటు చూపిస్తే ఏమిటో తెలుసు. అయినా బల్ల మీది అట్టముక్క తీశాడు. "బాత్రూం. చెప్పు శారదా. బా... ఒక్కసారి. ఇంత అవసరం ఉన్నప్పుడే వస్తుంది. నీళ్లు వచ్చింది చూడు ఆ రోజు!"

ఆవిడ ప్రయత్నించింది. ఆ సంగతి ఆయన తరవాత ఎన్నిసార్లు తలచుకున్నాడో. ఆవిడ నిజంగా ప్రయత్నించింది. పెదవులు రెండూ కలిపి, విడదీసి, మళ్లీ కలిపింది. గాలి వచ్చింది, మాట రాలేదు. "కూర్చో" అంది, బతిమాలుతున్నట్టు. "కూర్చో, కూర్చో."

"అది కాదు. బా..."

లేవబోయింది. కుడికాలు నిలవలేదు, మళ్లీ కుర్చీలో పడింది. ఆయన పట్టుకున్నాడు, కానీ అట్టముక్క ఇంకా చేతిలోనే ఉంది. ఒక్క మాట, ఒకే ఒక్క మాట, ఇప్పుడు వస్తుంది అనుకుంటూ ఇంకో నిమిషం ఆగాడు. ఆ నిమిషంలో కుర్చీ కింద నేల మీద నీళ్లు పారాయి.

శారద ఏడవలేదు. ఆయన వంక చూడలేదు. ముప్పై ఏళ్లు గంజిపెట్టిన నేత చీరల్లో బడికి వెళ్లిన మనిషి, మొహం గోడవైపు తిప్పుకుని, ఎడంచేత్తో కొంగు లాగి, ఆ తడి మీద కప్పడానికి ప్రయత్నించింది. కొంగు అందలేదు. ఆయన అట్టముక్క పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

త్రివేణి వచ్చేసరికి మూడయింది. చూడగానే అంతా అర్థమైంది. టీచరును లేపి, కడిగి, చీర మార్చి, తల దువ్వి, మంచం మీద పడుకోబెట్టింది. బకెట్, గుడ్డ తెచ్చి నేల తుడుస్తూ, తల ఎత్తకుండా అంది. "చిన్నపోరగాండ్లు క్లాసుల లాగు తడుపుకుంటే, వేరేటోళ్లు సూడకుంట తీస్కపోయి కడిగిన మనిషి సార్ ఆమె. ఎవ్వరికి జెప్పకపోయేది. గామెను పట్టుకొని మీరు గిట్ల జేసిన్రు."

ఉమామహేశ్వర్ ఆ సాయంత్రమే ముప్పై అట్టలూ చింపి చెత్తబుట్టలో వేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే. మంచం పక్కన నిలబడి, "తప్పయిపోయింది శారదా. ఇంక ఎప్పుడూ అడగను" అన్నాడు. ఆవిడ కళ్లు తెరిచే ఉన్నాయి. విందో లేదో తెలియలేదు.

ఆ రోజు నుంచి ఆవిడ కూర్చో అనడం కూడా మానేసింది.

పాలు తెచ్చిస్తే తాగింది. మందులు ఇస్తే మింగింది. ఏదీ అడగలేదు, దేనికేసీ చెయ్యి చాపలేదు. ఇల్లంతా ఉలుకూ పలుకూ లేదు. నిన్నటి దాకా ఆ ఒక్క మాట వింటే ఆయనకు విసుగొచ్చేది, ఇదెప్పుడు పోతుంది, అసలైనవి ఎప్పుడొస్తాయి అని. ఇప్పుడు ఆ మాట కోసం చెవులు రిక్కించుకుని ఉంటున్నాడు. ఉన్న ఒక్కదాన్నీ తన చేత్తో తీసేశాడు. రోజూ పొద్దున్నే వెళ్లి తప్పయిందని చెప్పేవాడు. చెప్పి కాసేపు ఎదురు చూసేవాడు. జవాబుగా ఒక చూపు, ఒక తల ఊపు, ఏదైనా చాలు. ఏమీ వచ్చేది కాదు.

మూడు వారాలు గడిచాక త్రివేణి వంటింట్లో గిన్నెలు సర్దుతూ అంది. "సార్, ఏమనుకోకున్రి. టీచర్ మాట్లాడుతున్నది."

"ఎప్పుడు?"

"మీరు లేనప్పుడు. పాలకు పోతరు కదా, మందులకు పోతరు కదా, అప్పుడు. కూర్చో అంటది. నీళ్లు అన్నది రెండుసార్లు. నిన్న నా బిడ్డ ఫోటో సూపిస్తే 'పిల్ల' అన్నది. మీకు జెప్పాల్నా వద్దా అని పది దినాల సంది సోంచాయిస్తున్న."

నమ్మలేదు. రుజువు కావాలి కదా ఆయనకు! మర్నాడు చెప్పులు టపటపలాడించుకుంటూ గేటు చప్పుడు చేసి వెళ్లాడు. వీధి చివర దాకా పోయి, చెప్పులు చేత్తో పట్టుకుని, వట్టి కాళ్లతో దొంగలా వెనక్కి వచ్చాడు. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి దుర్గేష్ నోరు తెరుచుకుని చూశాడు. ఉమామహేశ్వర్ తలుపు పక్కన గోడకు ఆనుకున్నాడు.

లోపల త్రివేణి ఏదో చెబుతోంది, కీసర జాతరలో తన బిడ్డ తప్పిపోయి దొరికిన సంగతి. మధ్యలో ఇంకో గొంతు వినిపించింది. బొంగురుగా, నెమ్మదిగా. "కూర్చో." కాసేపటికి, "పిల్ల... పిల్ల." ఆ తరవాత నవ్వు. నోరు ఒక పక్కకు లాగిన నవ్వయినా నవ్వే. ఆ నవ్వు విని ఆయనకు ఒళ్లు తెలియలేదు. తలుపు తోసుకుని లోపలికి వెళ్లిపోయాడు.

నవ్వు ఆగిపోయింది. శారద పెదవులు బిగించింది. ఆవిడ ఎడంచెయ్యి తనంతట తానే ఒళ్లోకి వెళ్లి, చీర కుచ్చిళ్లు తడిమి చూసుకుంది, పొడిగా ఉన్నాయో లేదో అని.

ఉమామహేశ్వర్ వెనక్కి తిరిగి బయటికొచ్చేశాడు.

తరవాత ఆయన త్రివేణిని అడిగాడు, వరండాలో, గొంతు తగ్గించి. "నీతో ఎలా మాట్లాడుతోంది? ఏం చేస్తున్నావు నువ్వు?"

"ఏం జేస్తలేను సార్."

"ఏదో చేస్తూనే ఉంటావు. చెప్పు, నేనూ అదే చేస్తాను."

 "నేను ఏడో తరగతిల ఉన్నప్పుడు మా అమ్మ సచ్చిపోయింది సార్. ఆర్నెల్లు నేను ఎవ్వరితోని మాట్లాడలే. నాయిన గుడికి తీస్కపోయిండు, దవాఖానాకు తీస్కపోయిండు, కొట్టిండు గూడ. బడికి పోతే టీచర్ తన టేబుల్ పక్కకు ఒక స్టూల్ ఏసి, కూర్చో అన్నది. గంతే. ఆమె కాపీలు దిద్దుకునేది, నేను కూసుండేదాన్ని. ఏమడగలే. భాష రాని పోరగాండ్లు వస్తె గూడ గట్లనే కూసుండవెట్టేది. ఏ దినం నాకు మాటొచ్చిందో నాకే యాదికి లేదు."

"ఆ ఆర్నెల్లూ ఆవిడేం చేసింది మరి?"

"ఏం జెయ్యలే సార్. గదే చెప్తున్న కదా."

ఆయన తల ఊపాడు. కానీ ఏమీ చేయకపోవడం ఎలా చేయాలో ఆయనకు ఎవరూ నేర్పలేదు. ప్రయత్నించాడు. పేపర్ పట్టుకుని ఆవిడ పక్కన కుర్చీ వేసుకున్నాడు. పేపర్ ఒక్క అక్షరం చదవలేదు. చెవులు ఆవిడ వైపే ఉన్నాయి. అది ఆవిడకు తెలిసిపోయింది. చెయ్యి ఒళ్లోకి వెళ్లి కుచ్చిళ్లు తడిమింది. పావుగంటకు ఆయనే లేచి వెళ్లిపోయాడు.

జూలై మూడో వారంలో కామాక్షి దగ్గరికి వెళ్లారు. పరీక్షలో ఆయన ఎదురుగా ఉన్నంతసేపూ శారద నోరు విప్పలేదు. కామాక్షి ఆయన్ని బయట కూర్చోమంది. అరగంట తరవాత పిలిచి, శారదను త్రివేణితో అవతలికి పంపి, నెమ్మదిగా చెప్పింది.

"ఐదు మాటలు వచ్చాయి సార్. ఇంకా వస్తాయి. కానీ మీరుంటే రావడం లేదు. మిమ్మల్ని చూడగానే పరీక్ష అనుకుంటున్నారు."

"కార్డులన్నీ చింపేశానమ్మా. ఏదీ అడగనని చెప్పాను. రోజూ చెబుతున్నాను."

"ఆవిడ నమ్మారని మీకెలా తెలుస్తుంది సార్?"

ఆ పిల్లకు రైల్వే సంగతి తెలియదు. మామూలుగా అడిగింది. కానీ ముప్పై ఆరేళ్ల స్టేషన్ మాస్టరుకు ఆ ప్రశ్న ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. మాట పంపాడు. రోజూ పంపుతున్నాడు. అవతలి నుంచి నంబరు రావడం లేదు. రానంత వరకు చెప్పనట్టే లెక్క, అది ఆయన పెట్టుకున్న రూలే.

"ఎన్నాళ్లు దూరంగా ఉండాలి?" అన్నాడు.

"చెప్పలేను సార్. పగలు ఒక మూడు గంటలు మీరు ఇంట్లో లేకుండా చూసుకోండి. చూద్దాం."

అలా ఆయన ఉదయం పదింటికి ఇంట్లోంచి వెళ్లిపోవడం మొదలుపెట్టాడు. ఎక్కడికెళ్లాలో తెలియక ఉప్పల్ మెట్రో స్టేషన్ ఎక్కి, నాలుగు స్టేషన్లకు టికెట్ కొనుక్కుని, దిగి, బెంచీ మీద గంటల తరబడి ఉండేవాడు. బళ్లు వచ్చేవి, తలుపులు వాటంతట అవే తెరుచుకునేవి, వెళ్లిపోయేవి. జెండా ఊపేవాడు లేడు, నంబరు అడిగేవాడు లేడు. ఎవరి ప్రమేయమూ లేకుండా అన్నీ సమయానికి నడుస్తున్నాయి. సెక్యూరిటీ గార్డు వచ్చి, "సార్, ఎక్కడికి పోవాలె?" అని రెండుమూడు సార్లు అడిగాడు. ఇంటికి పోవాలి, ఒంటిగంట తరవాత అని చెప్పలేక, ఇంకో బండి ఎక్కేవాడు.

రోజూ ఒంటిగంటకు వచ్చి వరండాలో త్రివేణిని అడిగేవాడు. "ఏమంది ఇవాళ?" అన్నం అంది. ఫ్యాను అంది. వాన అంది. ప్రతి మాటకూ ఆయన మొహం వెలిగేది, తాను వినలేదన్నది గుర్తొచ్చి ఆరిపోయేది. "ఇంకేమైనా..." అని ఆగేవాడు. ఆయన ఏ మాట కోసం అడుగుతున్నాడో త్రివేణికి తెలుసు. "లేదు సార్" అనేది.

క్యాలెండర్‌లో గీత గీసిన రోజు వచ్చింది. ఆ రోజు పొద్దుట్నుంచీ వాన. మెట్రో దాకా వెళ్లాడు గానీ మనసు నిలవక పదకొండున్నరకే తిరిగొచ్చాడు. టైం కాలేదు కాబట్టి లోపలికి వెళ్లలేదు. గొడుగు మెట్రోలో మరచిపోయాడు. తలుపు ముందు చిన్న సన్‌షేడ్ కింద గోడకు ఆనుకుని నిలబడ్డాడు. జల్లు కాళ్లకు కొడుతోంది.

త్రివేణి కిటికీలోంచి చూసినట్టుంది. లోపల ఆమె గొంతు వినిపించింది. "టీచర్, సార్ వచ్చిండు. బయట నిలవడ్డడు, తడుస్తుండు పాపం. తలుపు తియ్యనా?"

 వాన చప్పుడు.  ఆరు నెలల ఆఖరు రోజు. ఇన్నాళ్లూ ఏ దేవుడికీ మొక్కనివాడు ఆ క్షణంలో ఊరిలో ఉన్న దేవుళ్లందరికీ మొక్కాడు. ఒక్కసారి. ఏ రకంగానైనా సరే, కోపంగా అయినా సరే. ఏమండీ.

కుర్చీ కిర్రుమంది. త్రివేణి తలుపు తీయడానికి లేచినట్టుంది. రెండు అడుగులు తలుపు వైపు వచ్చాయి.

"కూర్చో" అంది శారద.

గొంతు స్పష్టంగా ఉంది, క్లాసులో లాగే. అడుగులు ఆగిపోయాయి. కాసేపటికి వెనక్కి వెళ్లాయి. కుర్చీ మళ్లీ కిర్రుమంది.

త్రివేణికి చెప్పిందో, తనకే చెప్పిందో, తలుపు తీయవద్దనే చెప్పిందో, లేక మరేదైనా కావాలని అందో అడిగే హక్కు ఆయనకు లేదు. ఎన్నో ఏళ్ల తరవాత ఒక మాటను నంబరు అడక్కుండా నమ్మాడు. లోపల త్రివేణి కూర్చుంది. బయట, తడిసిన మెట్టు మీద, ఆయనా కూర్చున్నాడు.